అమావాస్య మరునాటి సముద్రం

మొన్న మా మనవరాలు గోకర్ణం నుంచి ఫోన్లో వీడియో పంపింది. చలికాలపు లేత ఎండలో, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, స్నేహితురాళ్ళతో కలిసి కేరింతలు కొడుతోంది. చూసి మురిసిపోవాల్సింది పోయి, నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను, ఆ రోజు ఏ తిథో అని. సప్తమి. సప్తమినాడు సముద్రంలో దిగుతావా అని తిట్టబోయి, అది ఎవరి మాటో తెలిసివచ్చి ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను. నా ఈడువాళ్ళకైతే ఒక్క ముక్కలో అర్థమవుతుంది గానీ, ఈ కాలం పిల్లలకు తిథికీ సముద్రానికీ సంబంధం ఏమని చెప్పేది?

బళ్ళారి బజారులో అంగళ్ళు పెట్టుకుని బతికిన మాలాంటి ఇళ్ళలో, సముద్రాన్ని కళ్ళతో చూడవచ్చు, చేతులెత్తి మొక్కవచ్చు, అమావాస్యో పున్నమో అయితే తప్ప ముట్టుకోకూడదు. సముద్రమన్నదే లేని ఊళ్ళో ఆ నియమం ఎవరి కోసమో దేవుడికే ఎరుక! మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, దాన్ని తాళిబొట్టంత భద్రంగా దాచుకుంది. తుంగభద్రకు డ్యాం కట్టి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు, నేను అప్పటికి పరికిణీలు కట్టుకునే పిల్లను. ఆ ఏడు చలికాలంలో వచ్చే ఎళ్ళమావాస్యకు గోకర్ణంలో సముద్రస్నానం చేసి తీరాలని జేజి పట్టుబట్టింది.

జేజి చెయ్యి పట్టుకోవడానికి, తడిచీర పిండడానికి, మడివంట చేసిపెట్టడానికి ఒక మనిషి కావాలి కాబట్టి అమ్మకు కూడా ప్రయాణం కుదిరింది. అమ్మ పుట్టిల్లు కంపిలి దగ్గరి ఎమ్మిగనూరు, వరిమళ్ళూ చెరుకుతోటలూ ఉన్న పల్లె. చిన్నప్పుడు తుంగభద్ర కాలువలో బంతిపూలు వదిలితే, అవన్నీ చివరికి సముద్రంలోకే పోతాయమ్మా అని వాళ్ళ నాయన చెప్పేవాడట. నా పూలన్నీ యాడికి పోయినాయో ఒకసారి కాళ్ళతో తొక్కి చూడాలని ఉండాదే, అని నా జడ వేస్తూ ఎన్నిసార్లు అనుకునేదో. చీరలు అడగలేదు, నగలు అడగలేదు, ఆమె జన్మలో కోరిన కోరిక అదొక్కటే. ఆ మాట నాయనతోనైనా అన్నదో లేదో నాకు తెలియదు.

హుబ్బళ్ళి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఘాట్ రోడ్డులో, అడవి మధ్యలో, ఆ బస్సు కాస్తా మొరాయించింది. జేజి పంచాంగాన్ని, డ్రైవరును, మా నాయనను వరసగా తిట్టింది. అంగడిలో గుమాస్తాల మీద సింహంలా గర్జించే మా నాయన తల్లి ముందు పిల్లిలా కూర్చున్నాడు. ఇంకో బస్సు దొరికి మేము గోకర్ణం చేరేసరికి మరునాడు మధ్యాహ్నం కావస్తోంది. గుడి దగ్గర పూజారి జేజి మొహం చూసి పాపం మెల్లగానే చెప్పాడు, "అమావాస్యె నిన్నేనే ముగీతు తాయీ" అని. అమావాస్య నిన్ననే అయిపోయిందని ఆ ముసలి ప్రాణానికి కన్నడంలో విన్నా తెలుగులో విన్నా ఒకటే దెబ్బ.

అయినా చూడకుండా ఎలా పోతాం? గుడి వెనకాలి సందు దాటగానే ఎదురుగా సముద్రం. బళ్ళారిలో పొద్దున్నే పళ్ళు కటకటలాడించిన చలి అక్కడ లేనే లేదు. వెచ్చటి ఎండ, వెచ్చటి ఇసుక, ఆ వెలుగుకు కళ్ళు తెరవలేకపోయాం. అమ్మ కొంగు జారిపోతున్నా సర్దుకోకుండా నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద అల నురుగులు కక్కుతూ మా మీదికి పరిగెత్తుకొచ్చింది. "ముట్టుకోవద్దండి మే! దోషం! యెనక్కి రాండి!" అని జేజి గావుకేక పెడితే, అందరం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పరిగెత్తాం. అందరికంటే ముందు పరిగెత్తింది అమ్మే. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకావిడ మమ్మల్ని చూసి పగలబడి నవ్వి, "నీరేను కచ్చోదిల్ల, బన్రీ" అంది. నీళ్ళేం కరవవు, రండి అని. కరవవని మాకూ తెలుసు.

ఎండలో కూర్చుని చిత్రాన్నం తిన్నాక జేజి మనసు కాస్త మెత్తబడింది. మళ్ళీ పూజారి దగ్గరికి పోయి ఏదో అడిగి వచ్చి, అమ్మను పిలిచి చెప్పింది. "మనంగా పోయి ముట్టుకుంటేనేనంట దోషం. అదంతకదే వచ్చి తాకితే ఏం ల్యాదంట. పోయి నిలబడు పోమ్మా." జేజి అమ్మను పోమ్మా అనడం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ మొహం ఎంత విప్పారిందంటే, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

అలలు ఎక్కడి దాకా వచ్చి తడిపాయో చూసుకుని, ఆ తడి ఇసుక అంచున అమ్మ నిలబడింది, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని. అల వచ్చింది, జానెడు దూరంలో ఆగింది, వెనక్కి పోయింది. ఇంకోటి ఇంకాస్త ముందే ఆగిపోయింది. ఇక్కడ లాభం లేదని గుట్ట ఎక్కి దిగి అవతలి తీరానికి పోయాం. అక్కడ కొబ్బరిచెట్లు, బోర్లించిన పడవలు, ఎండకు మెరిసే గవ్వలు. నేను గవ్వలు ఏరుకుంటూ ఒళ్ళు మరిచానే గానీ, అమ్మ మాత్రం మళ్ళీ నిలబడింది. ఆ పక్క ఇంకో చిన్న తీరం ఉందంటే అక్కడికీ పోయాం. ఎక్కడ చూసినా అదే వరస, అమ్మ తడి ఇసుక మీద నిలబడడం, నీళ్ళు కొంచెం కొంచెంగా దూరం జరగడం. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. ఆ అడుగు వేస్తే అది మనంగా పోయి ముట్టుకున్నట్టు అవుతుంది. దోసిట్లో నీళ్ళు తెచ్చి అమ్మ పాదాల మీద పోద్దామా అనిపించింది, ఆ దోషం అమ్మకు తగులుతుందేమోనని భయమేసి నా చేతులు కదల్లేదు. నాయన గొడుగు పట్టుకుని సముద్రం వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూశాడు. జేజి మొక్కుతూనే ఉంది, "రా తల్లీ, రా, కోడలు నిలబడి ఉండాది" అని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి చెప్పండి?

పొద్దు వాలింది, బస్సుకు వేళయింది. అమ్మ పాదాలు దులుపుకుని, "పోదాం పాండి, చూస్తిమి కదా" అంది. అంతే. ఆ తరువాత ఇంట్లో ఏనాడూ సముద్రం మాట ఎత్తలేదు.

సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని, అమావాస్య మరునాడు నీళ్ళు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బాగా వెనక్కి పోయి మళ్ళీ వస్తాయని ఆ వీడియో తరువాత ఫోన్లో మాట్లాడినప్పుడు మనవరాలే చెప్పింది. అంటే మేము బస్సెక్కి కూర్చున్నాక, అమ్మ నిలబడిన చోటికల్లా నీళ్ళు వచ్చి ఉంటాయి. తనంతట తానుగా వచ్చిన మొదటి అల నుంచేమో మేమే పారిపోయాం. ఇంకో సంగతి కూడా ఉంది. తుంగభద్ర నీళ్ళు పోయేది తూర్పు సముద్రానికి. అమ్మ బంతిపూల కోసం ఎదురుచూసింది పడమటి సముద్రం దగ్గర. పాపం, ఆమెకు సముద్రమంటే ఒక్కటే.

అమ్మ నడివేసవిలో పోయింది. కంపిలి దగ్గర తుంగభద్రలో అస్థికలు కలపబోతే, బండల మధ్య మడుగుల్లో తప్ప నీళ్ళు లేవు, పారడమన్నది లేనే లేదు. వానలొస్తే పోతాయిలేక్కా అన్నాడు మా తమ్ముడు. డ్యాం గేట్లు ఎత్తారని విన్నప్పుడల్లా, ఇప్పటికైనా అమ్మ సముద్రం చేరిందా, దారిలో ఏ కాలువలోకో మళ్ళి ఎవరి మడిలోనో ఇంకిపోయిందా అని నా మనసు కొట్టుకుంటుంది. ఈనాటి పిల్లలకు సముద్రం ఎప్పుడంటే అప్పుడు తాకేదైంది, మంచిదే, తాకనీ. మా నదికే అక్కడి దాకా పోయే సత్తువ లేకుండా పోయింది. అమ్మ ఎక్కడో ఒక తడి ఇసుక అంచున ఇంకా నిలబడే ఉందేమో. తనంతట తాను పోకూడదు కదా.