మిల్లు గేటు ముందు పడని తెల్లగీతలు

యేసురత్నం సారు కన్నుమూశారని మంగళవారం పొద్దున వారి అబ్బాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు, చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టడం కూడా నాకు తోచలేదు. కాలినడకన పోయే సామాన్యుడి ప్రాణానికి విలువ కట్టిన ఉద్యోగిని నేను ఒక్కరినే చూశాను. ఆ ఒక్కరూ అస్తమించారు.

జడ్చర్లలో మా రోడ్ల ఆఫీసులో వారు వర్క్ ఇన్‌స్పెక్టర్, నేను వారి కింద సహాయకుణ్ణి. జనం రోడ్డు దాటే తెల్లగీతలు ఎక్కడ వేయాలో తేల్చడానికి సారుకు ఒక పద్ధతి ఉండేది. రోడ్డు పక్కన స్టూలు వేసుకొని కూర్చుని, మనిషి దాటినప్పుడల్లా కుడి జేబులోని చింతగింజను ఎడమ జేబులో వేసుకునేవారు. "ఆఫీసుల కూసొని గీసుడు కాదయ్యా. జనం యాడ దాటుతున్నరో గాడ గీయాలె" అనేవారు. ఇన్ని గింజలంటే సారింట్ల రోజూ చింతపులుసేనేమో అని మేం చాటున నవ్వుకునేవాళ్లం.

కల్వకుర్తి రోడ్డు మీద పత్తి మిల్లు గేటు దగ్గర లెక్క తీసిన రోజు అమావాస్య. అమాస నాడు మా దిక్కు కూలీలు పనికి పోరు, మిల్లు బంద్. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన సారుకు ఆ పట్టింపు తెలియదు. సాయంత్రానికి ఎడమ జేబులో గింజలు గుప్పెడు కూడా లేవు. ఆ లెక్క చూసి పైవాళ్లు గీతలను దూరంగా ఫంక్షన్ హాలు ముందు వేయించారు.

కొన్నాళ్లకు ఆ గేటు ముందే, మిల్లులో పనిచేసే యాదమ్మ చెల్లెలిని లారీ పొట్టన పెట్టుకుంది. పరామర్శకు వెళ్లిన సారుతో యాదమ్మ గొంతు కూడా పెంచలేదు.

"అమాస నాడు లెక్క తీస్తిరా సారూ? గా దినం మేమందరం ఇండ్లల్లనే ఉంటిమి గదా."

సారు చేతులు జోడించి నిలబడిపోయారు. రిటైరైనాక కూడా మళ్లీ లెక్క తీయమని అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఒకసారి తేలిన జాగా మారదన్నారు పైవాళ్లు. "తప్పు నాదేనయ్యా" అని సారు నాతో ఎన్నిసార్లు కుమిలిపోయారో.

లెక్క తీసిన ఆ రోజు అమావాస్య అని నాకు అప్పుడే తెలుసు. చెబితే మరో రోజు ఎండలో కూర్చోవాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను. వారు బతికుండగా ఒప్పుకునే ధైర్యం రాలేదు. ఇప్పుడు రాసి ఏం లాభం?

సమాధుల జాగా మిల్లుకు ఎదురుగా, రోడ్డుకు అవతల ఉంది. బుధవారం సారు పెట్టెను భుజాన మోసుకొని ఆ గేటు ముందు ఆగాం. లారీలు ఆగలేదు. చివరకు యాదమ్మే రోడ్డు మధ్యకు పోయి చేతులు చాపి నిలబడింది.

"జల్ది ఉరుకుర్రి" అన్నది.

మనిషి నింపాదిగా రోడ్డు దాటాలని జీవితాంతం తపించిన మహనీయుణ్ణి మేం భుజాన వేసుకొని ఉరుకుతూ దాటించాం. ఆ పాదాలకు నా నమస్సులు. సారు లేని లోటు తీరదు. నా తప్పును మన్నించగలిగిన మనిషి కూడా ఇక లేరు.