వదిన ఉద్యోగం, నా నాస్తికత్వం

మీ పన్నుతో నడిచే బడిలో లెక్కలు చెప్పడానికి, ఆదివారం పూట మీరు ఏ గుడికి వెళ్తారో రుజువు చూపించమంటే ఊరుకుంటారా? ఊరుకుంటారు. ఇక్కడ కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో అందరం ఊరుకున్నాం. కుర్రతనంలో నేనొక్కణ్ణే ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే బాగుండేదని మా వదిన ఇప్పటికీ అంటుంది.

అప్పుడు మిస్సిసాగాలో అన్నయ్య ఇంట్లో ఉంటూ కాలేజీలో చదువుతున్నాను. హేతువాదం కొత్తగా ఒంటబట్టిన వయసు (కొత్తగా కారు నేర్చినవాడిలా అవసరం లేకపోయినా హారన్ కొట్టేవాణ్ణి). వదినది గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబం. అక్కడ పదేళ్లు లెక్కలు చెప్పింది, ఇక్కడి టీచర్ లైసెన్సూ సంపాదించింది, అయినా కాఫీ షాపులో పని చేస్తోంది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఒక క్యాథలిక్ బడిలో ఖాళీ పడింది. అప్లికేషన్‌తో పాటు చర్చి ఫాదర్ ఉత్తరం జతచేయమన్నారు. "ఇదేం సెక్యులర్ దేశం!" అని మండిపడ్డాను. "దేశాన్ని తర్వాత బాగుచేద్దువుగానిలే, ముందు కారు తియ్యవయ్యా," అంది వదిన.

ఫాదర్ కేరళ నుంచి వచ్చిన పెద్దాయన. "ఆదివారాలు కనిపించడం లేదేమమ్మా?" అని ఇంగ్లీషులో ఆప్యాయంగా అడిగారు. "షిఫ్టులు ఫాదర్. ఇంట్లో రోజూ ప్రార్థన చేసుకుంటాను," అంది వదిన. ఆయన పెన్ను తీశారు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "పిల్లలకు త్రికోణమితి చెప్పడానికి ప్రార్థనతో పనేమిటండీ?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "బాబూ, ఈ దేశం ఏర్పడేనాటికి ఇక్కడ ప్రొటెస్టెంట్లదే బలం. మా బడులు మూసేస్తారేమోనన్న భయంతో రాజ్యాంగంలో హామీ రాయించుకున్నాం. తక్కువమంది ఉన్నవాళ్లకు అది రక్షణ," అన్నారు. (నిజమే. కానీ అప్పుడు ఒప్పుకుంటే వాదనలో ఓడినట్టే కదా!) "మరి హిందువులకు, ముస్లింలకు, ఏ మతమూ లేనివాళ్లకు ఏ హామీ? ఒక్క మతానికే ఖజానా తెరిస్తే అది రక్షణ కాదు, పెత్తనం!" అని బల్ల గుద్ది, ఆ ఊపులోనే, "దేవుడు లేడని మా ఇంట్లో ఎప్పుడో తేల్చేశాం!" అనేశాను.

పెన్ను ఆగిపోయింది. "మీ ఇంట్లో అంటే... ఈ అమ్మాయి ఉంటున్న ఇంట్లోనేనా?" అన్నారు ఫాదర్.

మూడు నెలలు క్రమం తప్పకుండా చర్చిలో ఆదివారం పూజకు వస్తే అప్పుడు ఉత్తరం సంగతి చూద్దామన్నారు. కారెక్కాక, "గెలిచావా?" అంది వదిన. "వాదనలో గెలిచాను," అన్నాను. "అయితే ఆదివారం షిఫ్టు మానుకుంటా. నువ్వే చర్చి దగ్గర దింపాలి, పూజ అయి నేను లేచేదాకా వెనక బెంచీలో కూర్చోవాలి. నోరు మాత్రం తెరవకు." మూడు నెలలూ కూర్చున్నాను. ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. మామూలు ప్రభుత్వ బడి పిలిచేదాకా వదిన మరో ఏడాది కాఫీలే కలిపింది. ఆమెకు లెక్కలు చెప్పడం వచ్చా అని మాత్రం అన్నాళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. వాడి వాదనలో తప్పు లేదు. దాన్ని వినిపించాల్సింది ఆ పెద్దాయనకు కాదు, అంతే. ఆయన చట్టం చేయలేదు, మార్చనూ లేరు. ఇలాంటి హామీనే క్యూబెక్, న్యూఫౌండ్లాండ్ రాష్ట్రాలు ఎప్పుడో వదులుకున్నాయి. అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు. వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మం ఎక్కిన ప్రతి అభ్యర్థినీ నిలదీయండి. అందరి పన్నుతో ఒక్క మతం బడులు ఇంకెన్నాళ్లని అడగండి. జవాబు చెప్పేదాకా మెట్లు దిగనివ్వకండి.