లంకలో కోత

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాకు తెలియనిది ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. కొత్తగా సాంఘికశాస్త్రం మేష్టారినయ్యాను మరి. రాజోలు అవతల, గోదారి మధ్య ఓ లంకలో ఉద్యోగం. పడవ దిగి అరటితోటల మధ్య కాలిబాటన నడిస్తే బడి, బడి పక్కనే నా గది. అంతకుమించి ఆ లంకలో ఏముందో నాలుగు నెలలైనా చూడలేదు. బళ్లో మాత్రం, నది ఒక ఒడ్డున క్రమక్షయం చేసి మరో ఒడ్డున నిక్షేపిస్తుందని పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి. బడి వదిలాక నాతో మాట్లాడేది కిరసనాయిలు స్టవ్వు ఒక్కటే (అది కూడా ముక్తసరిగానే). దార్లో ఎదురైన ప్రతివాళ్లూ అన్నం తిన్నారా అండి అని అడిగేవారు. ఆయ్ అనేవాణ్ణి. వాళ్లు వెళ్లిపోయేవారు. ఒక్క పూట ఎవరైనా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడితే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. అడగడానికి మాత్రం నోరు రాదు.

వరద తీసిన కొత్తల్లో ఓ శనివారం, నాకు గది అద్దెకిచ్చిన తాతగారు గుమ్మం దగ్గర ఆగి, "మా చేలో కోత మొదలైందండి మేష్టారూ. రేపు ఇంటిల్లిపాదీ అక్కడే ఉంటాం" అన్నారు. మాది మండపేట. మాకు కోతంటే వరికోతే (కరెంటు కోత కూడా ఉండేదనుకోండి, దానికి ఇంటిల్లిపాదీ వెళ్లరు కదా). కోత రోజున చేలో ఎంతమంది ఉంటే అంతమందికీ భోజనం. నాకు ప్రాణం లేచొచ్చింది. చాలా సంతోషమండీ, కోత బాగా సాగాలండీ, నేనూ వస్తానండీ అని గుక్క తిప్పుకోకుండా అనేశాను. తాతగారు కాసేపు నా మొహంలోకి చూసి, ఆయ్ అని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న కొడవలితో బయల్దేరాను. లంక చివరిదాకా నడిచినా ఒక్క వరిదుబ్బు కనిపించలేదు (అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు). ఆ చివర, తోట సగంలోనే నేల ఆగిపోయింది. కింద గోదారి. నేను చూస్తుండగానే గదంత మట్టిపెళ్ల ఒకటి అరటిచెట్లతో సహా విరిగి ధబ్బుమని నీళ్లలో పడింది. తాతగారి కొడుకులూ కోడళ్లూ మిగిలిన చెట్ల గెలలు దింపుతున్నారు. మామ్మగారు ఒక పక్కన ఏటివైపే చూస్తూ కూర్చున్నారు. అక్కడ కోతంటే ఏటికోత. అందరూ నా తలపాగానీ, కొడవలినీ చూశారు. ఆ మట్టితోపాటు నేనూ ఏట్లోకి పోతే బాగుండుననిపించింది.

తాతగారే దగ్గరికొచ్చారు. "కొడవలి తెచ్చేరు, మంచిపని చేసేరండి. ఆ చివరి వరస గెలలు మనం కోసేద్దాం, గోదారి కోసేలోగా" అన్నారు. ఎవరూ నవ్వలేదు, చిన్నకోడలు తప్ప. పాపం ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నందాకా కోసి, అరటాకులు పరిచి కూర్చున్నాం. వెనక మధ్యమధ్య ధబ్బుమని వినిపిస్తూనే ఉంది. ఎవరూ తిరిగి చూడలేదు. బాధగా లేదా అండి అని తాతగారిని అడిగాను (మేష్టారిని కదా, ప్రశ్న అడక్కపోతే తోచదు). ఆయన అవతలి ఒడ్డున కొత్తగా తేలిన మేట చూపించి, "మన మన్నేనండి అది. పై ఏడు ఎవరో దొండపాదు పెట్టుకుంటారు" అన్నారు. నిక్షేపణం అన్న మాటని ఆ తర్వాత బళ్లో అంత జోరుగా ఎప్పుడూ పలకలేకపోయాను.

అప్పటిదాకా నోరు విప్పని మామ్మగారు నా ఆకులో రెండోసారి పులుసన్నం వడ్డిస్తూ, "ఒక్కరే ఏం వండుకుంటారండి. రేపట్నించి రాత్రికి మా ఇంటికొచ్చెయ్యండి" అన్నారు.

ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నాను, చుట్టూ జనమే. అయినా ఆ కుర్రమేష్టారు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఒక కుటుంబం భూమి కళ్లెదుట ఏట్లో కలిసిపోతుంటే, ఆ ఏడాది మొత్తంలో ఎన్నడూ లేనంత సంతోషంగా వాళ్ల మధ్య కూర్చుని అన్నం తిన్నాడు. తిడదామనుకుంటాను. వాడి మొహం చూస్తే మనసొప్పక, నవ్వి ఊరుకుంటాను.