గ్లూకోజు పోసిన బాబాయి

షుగరు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది, మూడు నెలలు నడిచి చూడండి అన్నారు తెనాలి డాక్టరు గారు. మందు రాయకపోతే నాకు డాక్టరుకి చూపించుకున్నట్టే ఉండదు. సాయంత్రం రేపల్లె స్టేషన్ దగ్గర మందుల షాపు బాబాయిని ఏదైనా బిళ్ళ ఇమ్మన్నాను. చిన్నప్పుడు నాన్న మందుల కోసం వెళ్తే, నా అరచేతిలో చెంచాడు గ్లూకోజు పొడి పోసేవారాయన. నాలిక మీద చల్లగా కరిగిపోయేది.

"డాక్టరు రాయంది ఇవ్వనమ్మా," అన్నారు రిపోర్టు చూసి.

"తీపి అలవాటు చేసింది మీరే కదా బాబాయ్."

"అప్పుడు రైలు గేటు అవతల నుంచి నడిచొచ్చేదానివి. ఆ స్కూటీ తాళం ఇటిచ్చి ఇంటికెళ్ళు."

ఇచ్చేశాను. రేపు బండి తెచ్చుకోవడానికి మళ్ళీ నడవాలి. మీ ఊరి మందుల షాపాయన మీ చేతిలో ఏం పెట్టేవారు?