తలుపు దాకా ఒక లెన్సు

పుస్తకాలు బైండింగ్ చేసే ఆ మనిషి రోజూ సాయంత్రం కెమెరాల కొట్టుకొచ్చి, జిగురు ఎండిన వేళ్లను చొక్కాకు తుడుచుకుని, అవే రెండు లెన్సులు అడుగుతాడు. ఒకటి ఎనభై అయిదు మిల్లీమీటర్లది, ఒకటి ముప్ఫై అయిదుది. రెండూ మసక వెలుతురును దోసిలి పట్టి తాగేవే. వెలుతురు సోకితే తలనొప్పితో విలవిల్లాడే అతని అక్క మూడేళ్లుగా తెరలు వేసిన గదిలోనే ఉంటోంది. "ఒక్కటంటే ఒక్క ఫోటో తీసుకోరా, ఫ్లాష్ మాత్రం వద్దు" అని ఈ ఆదివారానికి ఎలాగో ఒప్పుకుంది.

ఇవాళ అతడు కొట్టులో దీపాలు ఆర్పమన్నాడు. "పెళ్లిచూపుల్లా రోజూ చూసిపోవడం చాలక, ఇప్పుడు చీకటి కూడానా తమ్ముడూ!" అని గొణుగుతూనే కొట్టాయన స్విచ్చి నొక్కి స్టూలు మీద కూర్చున్నాడు. వీధి వెలుతురుకు బీరువాల్లో లెన్సులు నీటి అడుగున గులకరాళ్లలా మెరిశాయి. ఎనభై అయిదును కెమెరాకు తగిలించి, ముఖం అందులో పూర్తిగా పట్టేదాకా బైండరు వెనక్కి వెనక్కి నడిచాడు. కొట్టాయన ముఖం ఒక్కటే తేలి, మిగతాదంతా పొగమంచులా కరిగిపోయింది. వీపుకు తలుపు తగిలింది. "ఇంకో అడుగేస్తే వీధిలో ఉంటావ్!" అతడు కదల్లేదు. అక్క గదిలోనూ అతడు నిలబడే చోటు అదే. తలుపు దగ్గర నుంచే "ఎలా ఉందక్కా?" అని అడిగి పనికి వెళ్లిపోతాడు. మెల్లగా వచ్చి లెన్సు మార్చి ముప్ఫై అయిదు పెట్టాడు. ఇప్పుడు ముఖం నిండుగా కనబడాలంటే మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. "ఇంత దగ్గరగా మా ఆవిడ కూడా కూర్చోదయ్యా!" అన్నాడు కొట్టాయన. "ఇదే ఇవ్వండి." "ముఖానికి ఆ ఎనభై అయిదే బాగుంటుందని నువ్వేగా అన్నావ్?" "బాగుంటుందండీ. కానీ దాంతో నేను మళ్లీ తలుపు దగ్గరే ఉండిపోతాను."