టెస్ట్ బటన్ నొక్కిన అమ్మాయి

చిక్కడపల్లిలో మా ఇంటి పై గదిలో అద్దెకుండి, గ్రూప్స్‌కి చదువుకున్న ఆ అమ్మాయికి ఒక అలవాటుండేది. ప్రతినెలా ఒకటో తారీఖున కిందికి వచ్చి, మా మీటరు పక్కనున్న ఈఎల్‌సీబీ అనే సేఫ్టీ స్విచ్ మీది టెస్ట్ బటన్ నొక్కేది. టక్‌మని ఇంట్లో కరెంటు పోయేది. "పనిచేస్తుంది ఆంటీ" అని మా అమ్మకు చెప్పి, స్విచ్ పైకి లేపి వెళ్ళేది.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది నేను. ఆమెది తెలుగు ఎం.ఏ.

ఆ అలవాటుకు ముందు ఓ వారంపాటు ఆ స్విచ్ ఊరికే పడిపోయేది. పాడైందని తేల్చేసి, దాన్ని తీసి వైరు డైరెక్టుగా కలిపేద్దామన్నాను. మెట్లెక్కుతున్న ఆమె ఆగింది.

"అన్నా, అది పాడు కాలే. ఏడనో కరెంటు లీకైతుంటేనే పడ్తది. అన్ని ప్లగ్గులు పీకి, ఒక్కొక్కటి పెట్టి చూద్దాం."

ఫ్రిజ్ పెడితే పడలేదు. మిక్సీ పెడితే పడలేదు. గీజరు పెట్టగానే టక్‌మంది. రోజూ ఆ నీళ్ళతోనే అమ్మ స్నానం చేసేది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని అమ్మ చాలాసేపు వదల్లేదు. నావైపు చూడనైనా లేదు. మర్నాటి నుంచి చిక్కటి మొదటి డికాక్షన్ పై గదికి వెళ్ళేది. రెండోసారి దిగింది నాకు.

ఉద్యోగం వచ్చి ఆమె వెళ్ళిపోయింది. అబద్ధమెందుకు, నాకు హాయిగానే అనిపించింది. ఈ నెల ఒకటో తారీఖున నేనే వెళ్ళి బటన్ నొక్కాను. టక్‌మంది. ఫ్యాను ఆగింది.

వంటింట్లోంచి అమ్మ గొంతు సంబరంగా వినిపించింది.

"వచ్చావా అమ్మా? కూర్చో, కాఫీ కలుపుతాను."