ఖాళీ కుండ వెళ్లని గ్రహం

మా పక్కింటి డ్రాయింగ్ టీచరమ్మ ఇక లేదు. పోయిన మంగళవారం పొద్దున నేను ప్రహరీ పక్కన మందారానికి నీళ్లు పోస్తుండగా ఆమె తమ్ముడు గోడకు అవతల వచ్చి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు అంచును కాసేపు నలిపి, "అక్క పోయింది మేడం. నిద్రల్నే పోయింది. ఎవర్నీ పరేషాన్ చెయ్యలే" అన్నాడు. చేతిలోని బిందెడు నీళ్లూ ఒక్క మొక్క మొదట్లోనే కుమ్మరించానని ఆ తర్వాత గమనించాను.

ఆమెను గురించి పెద్ద పెద్ద విశేషణాలు వాడను. వాడితే ముందుగా నవ్వేది ఆమే. చుట్టుపక్కల సర్కారు బడుల్లో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు మామిడికాయనూ, చిలకనూ, కుండనూ గీయడం నేర్పింది. ఆ సంగతి ఆమె విద్యార్థినులందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. రిటైరైన తర్వాత ఆమె ఒక గ్రహాన్ని తయారు చేసింది. అక్కడి ప్రజలే యుద్ధం చేసుకుని దాన్ని నాశనం చేసుకున్నారు. ఈ నాలుగు మాటలూ ఆ గ్రహం గురించే.

మేమిద్దరం ఇరుగుపొరుగు కావడం చిత్రమే. ఆమె శేరిలింగంపల్లి పక్క పల్లెలో పుట్టి ఈ రాళ్ల మధ్యే పెరిగింది. నేను కర్నూలు జిల్లా నుంచి వచ్చి, మహిళా కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి, నా సంపాదనతో ఇల్లు కట్టుకుని, నా ఇష్టప్రకారం ఒంటరిగా ఉంటున్నదాన్ని. పరిచయమైన మొదటి రోజునే ఆమె నన్ను "అక్కా, నువ్వు" అని పిలిచింది. నా విద్యార్థినులెవరూ నన్ను అలా పిలవడానికి సాహసించలేదు. నొచ్చుకున్నాను కూడా. తర్వాత ఒకసారి ఆమె పరాకుగా "మీరు" అన్నప్పుడు, ఒంట్లో బాగా లేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను.

మాదాపూర్ దారిలో ఒక మేడను కిరాయికి తీసుకుని కొందరు యువకులు కంప్యూటర్ కంపెనీ పెట్టారు. వాళ్లు ఒక వీడియో ఆట తయారు చేయదలిచారు. ఎక్కడో ఒక గ్రహం ఉంటుంది. అక్కడి రెండు తెగలు కొట్టుకుని గ్రహాన్ని శిథిలం చేసుకుంటాయి. భూమి నుంచి సైనికులు దిగి, మిగిలిన వాళ్లను కాల్చుకుంటూ ముందుకు సాగుతారు. ఇదీ ఆట. దానికి బొమ్మలు గీసేవాళ్లు కావాలని పత్రికలో ప్రకటన చూసి, డ్రాయింగ్ షీట్ల చుట్టను చంకలో పెట్టుకుని ఆమె ఆటో ఎక్కింది. అప్పటికే గుండె బలహీనంగా ఉందని దవాఖానలో చెప్పి ఉన్నారు.

"ఈ వయసులో నీకీ అవస్థ ఎందుకు?" అని అడిగాను.

"ఇన్నేండ్లు నేను గీసింది జూసి పిల్లలు గీసిండ్రు. ఒక్కసారన్న నేను గీసింది నడుస్తుంటే సూడాలె అక్కా. అద్దం మీద గదిలితె సూడాలె. గంతే." కంప్యూటర్ తెరను ఆమె అద్దం అనేది. ఆ ఒక్క కోరిక కోసమే ఆమె ఆ మేడ మెట్లు ఆగి ఆగి ఎక్కింది.

వాళ్లు అడిగింది శిథిలాలను. ఆమె మొదట శిథిలాలు గీయనే లేదు. మందపాటి కాగితం మీద గ్రహాన్ని చెక్కుచెదరకుండా గీసి, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఆ కాగితం మీద కూలినదాన్ని గీసేది. రెట్టింపు పని కదా అంటే, "మంచిగున్న ఇల్లు తెల్వకుండ కూలిన ఇల్లు ఎట్ల గీస్తవు? రాళ్లకుప్ప అయితది గని ఇల్లు గాదు" అనేది.

ఆ గ్రహం నిండా రాతి గుండ్లే. ఒకదాని మీద ఒకటి, ఏ క్షణాన దొర్లుతాయో అన్నట్టు నిలిచిన గుండ్లు. మా కాలనీ వెనుక గుట్ట ఎవరైనా చూసి ఉంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అక్కడ వాన పడదు, మంచు మాత్రం కురుస్తుంది. గుండ్ల మీద పైవాళ్లు ఉంటారు. వాళ్ల అరచేతులు చేటలంత. తెల్లవారుజామున ఆ చేతులతో మంచు పట్టి నీళ్లు చేసుకుంటారు. గుండ్ల సందుల్లో కిందివాళ్లు ఉంటారు. వాళ్ల కళ్లు గుడ్లగూబ కళ్లంత. నీడలో దుంపలు పండిస్తారు. ప్రతి పెద్ద గుండు కిందా దాన్ని దొర్లనివ్వకుండా ఒక చిన్న ఊతరాయి ఉంటుంది. ఆ ఊతరాళ్లను తట్టి చూసి సరిచేసే బాధ్యత కిందివాళ్లది. రోజూ పొద్దున పైనుంచి తాడు మీద నీళ్లకుండ దిగుతుంది. అదే కుండలో ఉడికిన దుంపలు పైకి వెళతాయి. కుండ ఖాళీగా వెళ్లడమన్నది ఎన్నడూ లేదు.

ఈ ఆచారం ఆమె ఎక్కడి నుంచి తీసుకుందో నాకు వెతుక్కోవలసిన పని లేదు. మా ప్రహరీ మీదుగా ఆమె మూతగిన్నె రోజూ తిరుగుతూనే ఉండేది. అటు నుంచి సర్వపిండో, మక్క గారెలో వచ్చేవి. ఇటు నుంచి ఉగ్గానో, ఓళిగలో వెళ్లేవి.

ఒకనాడు ఆ గ్రహం మీద కుండ ఖాళీగా వెళ్లింది. మరునాడు నీళ్లు ఆగాయి. ఆ తర్వాత ఎవరో ఒక ఊతరాయి లాగేశారు. ఒక గుండు దొర్లి ఇంకో గుండును దొర్లించింది. చివరికి పైవాళ్లకు నిలబడే చోటు లేదు, కిందివాళ్లకు తలదాచుకునే చోటు లేదు. చదునైన నేల, దాని మీద ఇంత దుమ్ము.

"ఖాళీ కుండ ముందు పంపింది ఎవరు?" అని నేను పట్టుబట్టాను. కంపెనీ యజమాని కూడా అదే అడిగాడట. ఎవరిది తప్పో తెలిస్తే వాళ్లను శత్రువులుగా పెడతానన్నాడట. ఆ విషయంలో నేను ఆ అబ్బాయి పక్షమే. యుద్ధానికి ఒక మొదలు ఉంటుంది, దాన్ని చెప్పకపోతే తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

"మీ పుస్తకాలల్ల ఎవరు మొదలువెట్టిండ్రో రాస్తరు. ఆ పొద్దు పొయ్యి మీద ఏముండెనో ఎందుకు రాయరు?" అంది ఆమె.

"పొయ్యి మీద ఏముందో చెప్పే ఆధారాలు దొరకవు."

"దొరకకుంటె గీయాలె. బొమ్మలు మరి ఎందుకున్నయి?"

మధ్యాహ్నం మా వాదనలు సాగుతుండగానే గుట్ట మీద రాళ్లు పేల్చేవాళ్ల ఈల వినిపించేది. కొత్త భవనాల కోసం ఆ గుట్టను కొద్దికొద్దిగా తొలుస్తున్నారు. ఈల వినగానే ఆమె పెన్సిల్‌ను కాగితం మీంచి పైకెత్తి పట్టుకునేది. పేలుడు అయ్యి, కిటికీ అద్దాలు అదిరి కుదుటపడ్డాక, ఆగిన గీతను అక్కడి నుంచే అందుకునేది. ఆ గుట్ట మీద ఆమె చిన్నప్పుడు మేకలను కాసిందని తమ్ముడు చెబితే తెలిసింది. ఆమె మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఒక రోజు నేను ఓళిగలు ఇచ్చిన గిన్నెను తిరిగి ఇచ్చింది. తేలిగ్గా ఉంది. మూత తీశాను. తళతళలాడేలా తోమి ఉంది, లోపల ఏమీ లేదు. గిన్నెను గోడ మీద పెట్టి తలెత్తి చూసేసరికి ఆమె కొప్పులోంచి పెన్సిల్ లాగుతోంది.

"గదే! గదే మొఖం! కదలకక్కా, జర గట్లనే ఉండు!"

"నీకేమైనా మతిపోయిందా?"

"తిట్టకు, మూతి గీత వోతది. మల్ల ముడువు."

కోపంగానే నిలబడ్డాను. గీత పూర్తయ్యాక వంగి, గోడ వెనుక దాచిన సకినాల పళ్లెం పైకి తీసింది. "ఖాళీ గిన్నె ఇస్తనా అక్కా? మనిషిని గానా?" అని నవ్వి, వెంటనే గంభీరమై, "నిజం చెప్పు, మూత తీయంగనే ఏమనిపిచ్చింది?" అని అడిగింది.

"నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఆ తర్వాత, వస్తే రానీ, నాకేం తక్కువ అనుకున్నాను."

"నువ్వు గడియల అనుకున్నవ్. వాళ్లకు ఒక రాత్రి వట్టింది" అంటూ కాగితం చుట్టుకుని వెళ్లిపోయింది.

పైవాళ్లకు చేటంత చేతులు, కిందివాళ్లకు గుడ్లగూబ కళ్లు. ముఖం మాత్రం రెండు తెగలకూ నాదే. ముడుచుకున్న ఆ మూతి, ఎత్తిన ఆ గడ్డం. కంపెనీలో చూపించి వచ్చాక ఆ యజమాని గొంతును అనుకరిస్తూ జరిగింది చెప్పింది.

"'ఏవండీ, వీళ్లు రాక్షసుల్లా లేరండీ. మా పెద్దమ్మ అలిగితే ఇలాగే ఉంటుందండీ. ఈ ముఖాన్ని ఎవరు కాలుస్తారండీ?' అన్నడు. కాల్చొద్దు బిడ్డా, కుండ నింపుమను అని నేనన్న. 'కుండ నింపే ఆట ఎవరు కొంటారండీ' అన్నడు. గదీ నిజమే. కోరలు వెట్టి తెమ్మన్నడు. లేకుంటె ఇంకొకల్లతోని గీపిస్తడట."

"పెట్టకు. నీ చేతికి ఒక మర్యాద ఉంది" అన్నాను.

"నీకేంది అక్కా, ఎన్నైనా అంటవు. అద్దం మీద నడిచేది నువ్వు గీసిన బొమ్మ గాదు గద" అంది. ఆ మాటలో పరిహాసం లేదు.

ఆ వారమంతా ఆమె వరండాలో కూర్చుని ప్రయత్నించింది. నా ముఖం గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి కోరలు గీసేది. కాగితం ఎత్తి చూసేది. మళ్లీ పరిచేది. "నీకు కోరలు మంచిగనే కుదిరినయ్. మా తమ్ముడు గుర్తువడ్తడేమోనని భయమైతున్నది" అని నవ్వించబోయింది. వారం చివరన కోరల కాగితాలను చింపి పొయ్యిలో వేసి, మిగిలినవన్నీ చుట్టి కంపెనీకి ఇచ్చి వచ్చింది. కూలిన గ్రహాన్నే కాదు, చెక్కుచెదరని గ్రహాన్ని కూడా ఇచ్చేసింది.

"అవెందుకు ఇచ్చావు? దాచుకోవలసింది" అన్నాను.

"నా దగ్గరుంటె కాయితాలే. ఆడుంటె ఎప్పటికన్న నడుస్తయేమో."

కోరలు ఇంకొకరెవరో గీశారు. ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కానీ ఆటోలో ఆ మేడ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆపించి, కింద నుంచే "నడిచిందా బిడ్డా?" అని కేకవేసేది. "ఇంకా లేదండీ" అని పైనుంచి జవాబు వచ్చేది. "సరే, ఫికర్ జెయ్యకు, నిమ్మలంగ జెయ్" అని ఆటోను కదలమనేది. చివరి నెలల్లో ఆటో ఎక్కే ఓపిక కూడా పోయింది. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. తెలియదని తెలిసీ నన్నే అడిగేది.

ఆమె పోయిన తర్వాతి ఆదివారం ఆ యజమాని వాళ్లింటికి వచ్చాడు. ముప్పై కూడా నిండని గోదావరి జిల్లా కుర్రవాడు. ఒడిలో పెట్టుకునే చిన్న కంప్యూటర్ తెచ్చాడు. తమ్ముడు నన్ను కూడా పిలిచాడు. నేను గడప దాటగానే ఆ అబ్బాయి గభాలున లేచి నిలబడ్డాడు.

"మీరు... పైవాళ్లు కదండీ!"

"కిందివాళ్లు కూడా నేనే. కూర్చో నాయనా" అన్నాను.

కోరలున్న ఆటను ఇంకొకరి బొమ్మలతో పూర్తి చేసి అమ్మేశారట. ఆ పని అయ్యాక, తీరిక దొరికినప్పుడల్లా, ఎవరూ అడగకపోయినా ఆమె మొదటి బొమ్మలను కదిలించే పని పెట్టుకున్నాడట. "పూర్తయ్యాక చూపిద్దామనుకున్నానండీ. సగంలో చూపిస్తే ఏం బాగుంటుందని..." అని ఆగి, తల వంచుకుని మీటలు నొక్కాడు.

తెర మీద తెల్లవారుతోంది. గుండ్ల అంచులు ఎర్రబడ్డాయి. చేటంత చేతులు రెండు తాడు వదులుతున్నాయి. కుండ మెల్లగా, కొంచెం ఊగుతూ, దిగుతోంది. కింద సందులో ఒక దీపం, దాని వెనుక పైకి చూస్తున్న రెండు పెద్ద కళ్లు. ఆ ముఖంలో ముడుచుకున్న మూతి లేదు. నేను నవ్వుతుండగా కూడా ఆమె ఎప్పుడో గీసిందన్నమాట. కుండ సగం దూరం దిగి ఆగిపోయింది.

"ఇక్కడి వరకేనండీ. తర్వాతి బొమ్మలు ఆవిడ గీయలేదు, నేను గీయబోతే కుదరలేదండీ."

తమ్ముడు వేలితో తెరను తాకి చూశాడు. "అక్క గీసింది నడిసింది" అన్నాడు. మళ్లీ చూపించమన్నాడు. ఆ అబ్బాయి అతను చాలనేదాకా చూపించాడు. ప్రతిసారీ కుండ అక్కడే ఆగింది.

ఇంటికి వచ్చాక వంటింటి అలమరలో ఆమె గిన్నె కనిపించింది. పోవడానికి రెండు రోజుల ముందు మక్క గారెలు పెట్టి ఇచ్చింది. తోమి బోర్లించి ఉంచాను. చెనక్కాయలు వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు చేశాను. గిన్నె నిండా పెట్టి, మూత వేసి, ఎప్పుడూ పెట్టే చోట ప్రహరీ మీద ఉంచాను.

గుట్ట మీద ఈల వినిపించింది. ఆమె అయితే పెన్సిల్ పైకెత్తేది. నేను మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. గోడ అదిరింది. చేతి కింద మూత సన్నగా వణికి, ఊరుకుంది.